చూడని వారికి చూపైన కంఠం



రేడియో ముందు కూర్చొని ఆట వినడం మీలో పెద్దవారికి బాగా తెలిసిన అనుభవమే. మైదానం మన కళ్ళకు కనిపించదు. బంతి ఎటు వెళ్ళిందో, ఎవరు పట్టుకున్నారో, ఎవరు జారవిడిచారో మనం చూడలేము. ఎక్కడో కూర్చున్న ఒక మనిషి చెప్పే మాటలను నమ్మి, ఆ మాటలతోనే మనసులో మైదానాన్ని కట్టుకుంటాము. ఆయన తొందరపడి ఒకటి చెప్పబోయి మరొకటి చెబితే మన ఆట తప్పిపోతుంది. ఆయన చెప్పడం మానేస్తే మనకు ఏమీ మిగలదు.

అటువంటి నమ్మకాన్ని యాభై ఏళ్ళకు పైగా మోసిన ఒక వ్యక్తి జీవితాన్ని ఈ వారం మీకు పరిచయం చేస్తున్నాము. ఆయన పేరు మార్టీ గ్లిక్‌మన్. అమెరికాలోని న్యూయార్క్ నగరానికి చెందిన జయింట్స్ అనే వృత్తి ఫుట్‌బాల్ జట్టుకు 23 సంవత్సరాలు, జెట్స్ అనే మరో జట్టుకు 11 సంవత్సరాలు ఆయన రేడియో వ్యాఖ్యాతగా ఉన్నారు. మాటే ఆయనకు వృత్తి, మాటే ఆయనకు కీర్తి. కాని ఆ మాటల వెనుక రెండు చేదు జ్ఞాపకాలున్నాయి. ఒకసారి ఆయనకు అన్యాయం జరిగినప్పుడు పెద్దలు ఆయన పక్షాన నిలబడలేదు. మరొకసారి స్నేహితునికి అన్యాయం జరిగినప్పుడు ఆయనే నోరు విప్పలేదు. ఈ రెండూ తెలుసుకొని ఆయన జీవితాన్ని చదివితే మన ఇళ్ళకు కూడా పనికివచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

బాల్యం, పరుగు

మార్టీ 1917 ఆగస్టు 14న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో జన్మించారు. తల్లిదండ్రులు రుమేనియా దేశం నుండి వలస వచ్చిన యూదులు. మార్టీ అదే నగరంలోని బ్రూక్లిన్‌లో పెరిగారు. ఆ వీధుల్లో ఆడుకునే పిల్లలందరిలో తానే వేగంగా పరుగెత్తేవారు. అందుకే ఎన్నో ఏళ్ళ తరువాత, 1996లో, తన ఆత్మకథ ప్రచురించినప్పుడు వీధిలో అందరికన్నా వేగంగా పరుగెత్తే కుర్రవాడు అనే అర్థం వచ్చే పేరునే దానికి పెట్టుకున్నారు.

జేమ్స్ మాడిసన్ ఉన్నత పాఠశాలలో పరుగు పందెంలోను, ఫుట్‌బాల్‌లోను ఆయన పేరు మారుమ్రోగింది. తరువాత న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1936లో జర్మనీ రాజధాని బెర్లిన్‌లో జరగనున్న ఒలింపిక్ క్రీడలకు అమెరికా జట్టు తరఫున ఎంపికయ్యారు. నలుగురు కలసి ఒకరి చేతి నుండి మరొకరు కర్ర అందుకుంటూ పరుగెత్తే 400 మీటర్ల రిలే పందెంలో ఆయన పాల్గొనవలసి ఉంది. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్ళు.

బెర్లిన్‌లో తగిలిన గాయం

అది హిట్లర్ పాలనలో ఉన్న జర్మనీ అని మనం మరువకూడదు. యూదులను పౌరసత్వానికి దూరం చేసిన చట్టాలు అంతకు ముందు సంవత్సరమే, 1935లో, అక్కడ అమలులోకి వచ్చాయి. అటువంటి దేశంలో, హిట్లర్ చూస్తుండగా, ఒక యూదు యువకుడు పరుగెత్తి గెలవడమంటే ఎంత గొప్ప సంగతో మీరే ఊహించండి. అమెరికా అథ్లెటిక్స్ జట్టులో యూదులు ఇద్దరే. ఒకరు మార్టీ, మరొకరు శామ్ స్టోలర్. ఇద్దరూ రిలే కోసమే వెళ్ళారు. రోజుల తరబడి కర్ర అందించడం, అందుకోవడం సాధన చేశారు.

ఆగస్టు 8వ తేదీ ఉదయం. ఆ రోజే రిలే ప్రాథమిక పోటీలు. శిక్షకులు లాసన్ రాబర్ట్‌సన్, డీన్ క్రామ్‌వెల్ ఆటగాళ్ళను ఒక గదిలోకి పిలిచారు. జర్మన్లు గొప్ప పరుగుగాళ్ళను దాచిపెట్టారని వినిపిస్తోందని, అందుచేత మార్టీకి, స్టోలర్‌కు బదులుగా జెస్సీ ఓవెన్స్, రాల్ఫ్ మెట్‌కాఫ్ పరుగెత్తుతారని ప్రకటించారు. ఓవెన్స్ అప్పటికే మూడు స్వర్ణ పతకాలు గెలిచిన నల్లజాతి వీరుడు. మెట్‌కాఫ్ మార్క్వెట్ అనే యేసుసభ వారి విశ్వవిద్యాలయంలో చదివిన మరొక నల్లజాతి క్రీడాకారుడు. ఓవెన్స్ లేచి, తనకు పతకాలు చాలునని, ఆ అవకాశం మార్టీకి, స్టోలర్‌కు ఇవ్వడమే న్యాయమని అన్నాడు. చెప్పినట్లు చేయమని క్రామ్‌వెల్ ఆయన నోరు మూయించాడు.

మార్టీ కూడా ఊరుకోలేదు. ప్రపంచ స్థాయి పరుగుగాళ్ళను ఎవరూ దాచలేరని, పరుగుగాళ్ళు పోటీలలో పాల్గొంటేనే తయారవుతారని వాదించారు. ఫలితం లేకపోయింది. మర్నాడు జరిగిన తుది పోటీలో అమెరికా జట్టు 39.8 సెకన్లలో పరుగు ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. రెండవ స్థానం ఇటలీది. గొప్ప వీరులను దాచిందని చెప్పిన జర్మనీ మూడవ స్థానంలో, దాదాపు ఒకటిన్నర సెకను వెనుకగా వచ్చింది. మార్టీ, స్టోలర్ ప్రేక్షకుల మధ్య కూర్చొని చూశారు.

ఎందుకు అలా చేశారు? ఆతిథ్యమిచ్చిన హిట్లర్ మనసు నొప్పించకూడదనే యూదులను తప్పించారని మార్టీ చివరివరకు నమ్మారు. అమెరికా ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్ ఆ మాట నిజం కాదన్నాడు. జట్టులో మిగిలిన డ్రేపర్, వైకాఫ్ ఇద్దరూ క్రామ్‌వెల్ సొంత విశ్వవిద్యాలయపు శిష్యులు కావడమే కారణమని స్టోలర్ భావించాడు. కారణం ఏదైనా, వేల మైళ్ళు ప్రయాణం చేసి వెళ్ళిన ఆ ఇద్దరు యువకులు పందెంలో అడుగు పెట్టకుండానే తిరిగి వచ్చారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. తన స్థానంలో పరుగెత్తిన ఓవెన్స్ మీద మార్టీ పగ పెంచుకోలేదు. తన కోసం ఆ గదిలో నోరు తెరిచిన మనిషి ఓవెన్సేనని ఆయన మరువలేదు.

స్నేహితుని విషయంలో మౌనం

చదువు కొనసాగించడానికి మార్టీ తిరిగి సిరాక్యూస్ చేరుకున్నారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆయన సహచరుడు విల్మెత్ సిదాత్ సింగ్. ఈ పేరు చూసి మీరు ఆశ్చర్యపోవచ్చు. విల్మెత్ నల్లజాతి దంపతుల బిడ్డ. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, తల్లి భారత సంతతికి చెందిన శామ్యూల్ సిదాత్ సింగ్ అనే వైద్యుని వివాహమాడింది. ఆ పెంపుడు తండ్రి పేరే కుర్రవానికి వచ్చింది. పేరును బట్టి పత్రికలు అతడిని హిందువుగా రాసేవి. నల్లవారిని మైదానంలోకి రానివ్వని జట్లు కూడా అలా అనుకొని అతడితో ఆడేవి.

1937 అక్టోబరులో సిరాక్యూస్ జట్టు మేరీలాండ్ విశ్వవిద్యాలయంతో ఆడటానికి బాల్టిమోర్ నగరం వెళ్ళింది. ఆటకు కాస్త ముందు విల్మెత్ నల్లజాతివాడని పత్రికలో వచ్చింది. అతడు ఆడితే తాము ఆడబోమని మేరీలాండ్ వారు పట్టుబట్టారు. సిరాక్యూస్ పెద్దలు తలవంచి, విల్మెత్‌ను పక్కన కూర్చోబెట్టారు. జట్టు ఓడిపోయింది.

బెర్లిన్‌లో తనకు జరిగినది ఏడాది దాటిన కొద్ది కాలానికే స్నేహితునికి జరుగుతుంటే మార్టీ కళ్ళారా చూశారు. విల్మెత్ ఆడకపోతే నేనూ ఆడనని చెప్పాలని ఆయన మనసులో మెదిలింది. కాని యూదుడనైన నేను గొడవ పెడుతున్నానని నలుగురూ అనుకుంటారేమోనని భయపడ్డారు. నోరు విప్పలేదు. ఆ రోజు ఆడారు. ఆ మౌనానికి జీవితాంతం సిగ్గుపడ్డానని ఆయన తన ఆత్మకథలో దాచకుండా ఒప్పుకున్నారు. తనకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకునేవారు లోకంలో చాలామంది ఉంటారు. తాను చేయవలసి ఉండి చేయని మేలును కూడా అంతే బాహాటంగా చెప్పుకునేవారు అరుదు.

విల్మెత్ మరుసటి ఏడాది మేరీలాండ్ మీద తన జట్టును 53-0 తేడాతో గెలిపించి సమాధానం చెప్పాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నల్లజాతి యుద్ధ విమాన చోదకుల దళంలో చేరాడు. 1943లో శిక్షణలో ఉండగా విమానం చెడిపోయి, హ్యూరన్ సరస్సులో మునిగి చనిపోయాడు. అతనికి అన్యాయం చేశామని మేరీలాండ్ విశ్వవిద్యాలయం బహిరంగంగా ఒప్పుకొని, 2013లో తన మైదానంలోనే అతని బంధువులను గౌరవించింది. అది చూడటానికి అప్పటికి మార్టీ బ్రతికి లేరు.

రేడియో పిలుపు

మార్టీకి రేడియో ద్వారం అనుకోకుండా తెరుచుకుంది. 1937లో ఒక ఆటలో ఆయన మెరిసిన తరువాత, సిరాక్యూస్ పట్టణంలో బట్టల వ్యాపారి ఒకరు తన దుకాణం ప్రచారం కోసం రేడియోలో ఆటల గురించి మాట్లాడమని అడిగారు. మైకు ముందు మొదట తడబడినా ఆ పని ఆయనకు నచ్చింది. చదువు పూర్తయ్యాక న్యూయార్క్‌లోని డబ్ల్యు.హెచ్.ఎన్. రేడియో కేంద్రంలో చేరి క్రింది మెట్టు నుండి పని నేర్చుకున్నారు. యుద్ధ కాలంలో అమెరికా మెరైన్ దళంలో అధికారిగా పసిఫిక్ ప్రాంతంలో సేవ చేసి, తిరిగి వచ్చి రేడియో పనిని కొనసాగించారు.

తొలుత ఆయనకు పేరు తెచ్చింది బాస్కెట్‌బాల్. 1946లో న్యూయార్క్‌లో నిక్స్ జట్టు ప్రారంభమైనప్పుడు దాని తొలి రేడియో కంఠం ఆయనదే. అప్పటివరకు ఆ వేగమైన ఆటను రేడియోలో చెప్పడం ఎలాగో ఎవరికీ సరిగా తెలియదు. మైదానంలోని ప్రతి మూలకూ, ప్రతి గీతకూ ఆయన ఒక పేరు వాడుకలోకి తెచ్చారు. బంతి ఇనుప రింగుకు తగలకుండా నేరుగా వలలోంచి జారితే వచ్చే మెత్తని చప్పుడును స్విష్ అనే చిన్న మాటలో వినిపించారు. ఆ మాట ఈనాటికీ ఆ ఆటలో నిలిచి ఉంది.

జయింట్స్ కంఠం

1948లో ఆయన జయింట్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటలు చెప్పడం మొదలుపెట్టారు. అమెరికా వారు ఫుట్‌బాల్ అని పిలిచేది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని ఎక్కువగా చేతులతో పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. ఒక్కొక్క వైపు పదకొండు మంది. మైదానం పొడవు నూరు గజాలు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం పది గజాలు ముందుకు జరగాలి. జరగలేకపోతే బంతి ఎదుటివారికి పోతుంది. ప్రతి ప్రయత్నమూ కొన్ని సెకన్లలోనే ముగుస్తుంది. ఆ కొద్ది సెకన్లలో ఇరవైరెండు మంది కదులుతారు, ఢీకొంటారు, ఒకరి మీద ఒకరు పడతారు.

దీనిని కనిపించని వారికి చెప్పాలి. ఎన్నో ప్రయత్నం, ఎన్ని గజాలు కావాలి, బంతి ఎవరి చేతిలో ఉంది, ఎటు పరుగెత్తాడు, ఎవరు పడగొట్టారు, బంతి ఏ గీత దగ్గర ఆగింది అనేవన్నీ వరుసగా, తప్పు లేకుండా, ఊపిరి తీసుకునే లోపల చెప్పాలి. మార్టీ స్వయంగా ఆ ఆట ఆడినవారు. ఆటగాళ్ళు వరుసల్లో నిలబడిన తీరును ముందుగా చెప్పేవారు. జట్టు ఎడమ నుండి కుడికి సాగుతోందో, కుడి నుండి ఎడమకు సాగుతోందో చెప్పేవారు. అప్పుడే రేడియో పెట్టినవారు ఉంటారని గుర్తుంచుకొని, ఎవరు ఎన్ని పాయింట్లతో ఉన్నారో, ఎంత సమయం మిగిలిందో మాటిమాటికీ చెప్పేవారు. వినేవారిని మనసులో పెట్టుకోవడమే ఆయన పద్ధతికి పునాది.

ఆయన పక్కన కూర్చొని ఆటలోని మర్మాలు విప్పి చెప్పిన అల్ డిరోగటిస్ ఒకప్పుడు జయింట్స్ తరఫున ఆడినవాడు. చిప్ సిపోలా మూడవవాడు. డబ్ల్యు.ఎన్.ఇ.డబ్ల్యు. రేడియోలో ఈ ముగ్గురి మాటలు ఆదివారం మధ్యాహ్నాలలో న్యూయార్క్ ఇళ్ళను నింపేవి.

టెలివిజన్ వచ్చిన తరువాత కూడా ఆయన అవసరం తగ్గలేదు. కారణం ఏమిటంటే, సొంత ఊరిలో జరిగే ఆటను ఆ చుట్టుపక్కల టెలివిజన్‌లో చూపించకూడదని ఫుట్‌బాల్ లీగ్ నియమం పెట్టింది. చూపిస్తే మైదానానికి జనం రారని వారి భయం. న్యూయార్క్‌లో జయింట్స్ ఆడుతుంటే న్యూయార్క్ వాసి దానిని ఇంట్లో చూడలేడు. కొందరు పొరుగున ఉన్న కనెక్టికట్ రాష్ట్రానికి కార్లలో వెళ్ళి, హోటల్ గదులలో కూర్చొని చూసేవారు. అంత స్తోమత లేనివారికి, కదలలేనివారికి, వృద్ధులకు, రోగులకు, ఆదివారం కూడా పని చేసేవారికి మార్టీ కంఠమే దిక్కు. టిక్కెట్లన్నీ ముందే అమ్ముడుపోతే ఆట చూపించాలని 1973లో చట్టం వచ్చేవరకు ఇదే పరిస్థితి.

మరో విచిత్రం వినండి. మైదానంలో కూర్చొని కళ్ళతో చూస్తున్నవారు కూడా చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలు వెంట తెచ్చుకొని ఆయన మాటలు వినేవారు. కన్ను చూసినదానిని చెవి ద్వారా నిర్ధారించుకునేవారన్నమాట. ఒక మనిషి మాట మీద అంతకంటే ఎక్కువ నమ్మకం ఏముంటుంది?

1956లో జయింట్స్ విజేతలుగా నిలిచారు. 1958 నుండి 1963 వరకు ఐదుసార్లు తుది పోటీకి వెళ్ళి ఐదుసార్లూ ఓడారు. ఆ తరువాత చాలా ఏళ్ళు జట్టు దిగజారింది. గెలుపు రోజులలో వినేవారు ఎలాగూ ఉంటారు. ఓటమి ఆదివారాలలో కూడా ఉన్నది ఉన్నట్లు చెబుతూ, వినేవారిని నిలుపుకోవడమే వ్యాఖ్యాతకు అసలు పరీక్ష.

తెలిసినది పంచిపెట్టడం

మార్టీ తన విద్యను దాచుకోలేదు. బ్రూక్లిన్ నుండి వచ్చిన మార్వ్ ఆల్బర్ట్ అనే కుర్రవానిని చేరదీసి పని నేర్పారు. 1963 జనవరిలో తాను సమయానికి చేరుకోలేని పరిస్థితి వస్తే, నిక్స్ ఆట చెప్పే అవకాశాన్ని ఆ యువకునికి ఇప్పించారు. తరువాతి కాలంలో ఆల్బర్ట్ దేశమంతటా పేరుపొందిన వ్యాఖ్యాత అయ్యాడు. బోస్టన్ జట్టు కంఠంగా పేరు తెచ్చుకున్న జానీ మోస్ట్ కూడా మార్టీ దగ్గర నేర్చుకున్నవాడే. పెద్ద జట్ల ఆటలు చెబుతూనే, ఉన్నత పాఠశాల పిల్లల ఆటలను కూడా టెలివిజన్‌లో అంతే శ్రద్ధతో వివరించారు. 1972 నవంబరు 8న హెచ్.బి.ఓ. సంస్థ తన తొలి క్రీడా ప్రసారం చేసినప్పుడు అది చూడగలిగిన చందాదారులు 365 మంది మాత్రమే. ఆ కొద్దిమందికి ఆట చెప్పింది మార్టీయే.

వయసు మళ్ళిన తరువాత ఆయన బ్రాంక్స్‌లోని ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళేవారు. అది యేసుసభ వారి సంప్రదాయంలో నడిచే విద్యాలయం. అక్కడి విద్యార్థుల రేడియో కేంద్రంలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని, వారి వ్యాఖ్యానాల టేపులు విని, ఒక్కొక్క మాటను సరిదిద్దేవారు. తల్లిదండ్రులు వలస వచ్చి కాపురం పెట్టిన ప్రాంతానికి, తాను పుట్టిన ప్రాంతానికి, వృద్ధాప్యంలో ఒక యూదు ఉపాధ్యాయుడు కతోలిక విద్యాలయపు పిల్లల గురువుగా వచ్చారు. ఆ కేంద్రం ఆయన పేరు మీద ఒక పురస్కారాన్ని నెలకొల్పింది.

చివరి మలుపులు

బెర్లిన్ గాయం మానిందా? మానిందనే ఆయన అనుకున్నారు. 1985లో ఓవెన్స్ స్మారకార్థం జరిగిన కార్యక్రమానికి ఆ మైదానంలో మళ్ళీ అడుగు పెట్టినప్పుడు, దాదాపు యాభై ఏళ్ళు లోపల అణిగి ఉన్న కోపం ఒక్కసారిగా పొంగింది. తనలో అంత కోపం ఉందని ఆయనకే తెలియదు. క్షమించానని మనం అనుకున్నది ఒక్కొక్కసారి మరచిపోవడానికి చేసిన ప్రయత్నం మాత్రమే కావచ్చు.

1998లో అమెరికా ఒలింపిక్ సంఘం మార్టీకి, అప్పటికి మరణించిన స్టోలర్‌కు, వారు గెలవలేకపోయిన పతకాలకు బదులుగా ఒక ప్రత్యేక పురస్కారం ఇచ్చింది. 62 ఏళ్ళ తరువాత ఒక పెద్ద సంస్థ తమ పూర్వీకులు చేసినది తప్పేనని తలవంచింది. స్టోలర్ 1985లోనే కన్నుమూశాడు. న్యాయం ఆలస్యమైతే అది అందుకోవలసిన చేతులు అన్నివేళలా మిగిలి ఉండవు.

మార్టీ 1992లో మైకు వద్ద నుండి విరమించారు. అంతకు ముందు ఏడాదే బాస్కెట్‌బాల్ ప్రముఖుల భవనం ఆయనను పురస్కారంతో సత్కరించింది. గుండెకు శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజులకు, 2001 జనవరి 3న న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 83 సంవత్సరాలు.

పాఠకులారా, ఈ జీవితంలో మన కుటుంబాలకు ఏమున్నది? పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు బెర్లిన్ గురించి చెప్పి ఆపేయకండి. బాల్టిమోర్ గురించి కూడా చెప్పండి. తనకు జరిగిన అన్యాయం బాధ తెలిసిన మనిషి కూడా, నలుగురు ఏమనుకుంటారో అనే భయంతో, పక్కవాని అన్యాయాన్ని చూస్తూ ఊరుకోగలడని చెప్పండి. బడిలో ఒక పిల్లవానిని కులం పేరుతోనో, రంగు పేరుతోనో, చిరిగిన చొక్కా పేరుతోనో పక్కన కూర్చోబెడితే, ఆ గదిలో ఓవెన్స్‌లా లేచి నిలబడవలసినవాడు మీ బిడ్డే కావచ్చు. మాట చెల్లకపోవచ్చు. ఓవెన్స్ మాట కూడా చెల్లలేదు. అయినా ఆ మాటను మార్టీ అరవై ఏళ్ళు గుండెలో దాచుకున్నారు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి. ఈ వారం బడిలో ఎవరైనా ఒంటరిగా కూర్చున్నారా, నీవు వారితో మాట్లాడావా అని అడగండి. వారు జవాబు చెప్పాక, అదే ప్రశ్న మనల్ని మనం కూడా వేసుకుందాము.